ఉంగరం కొలత

కృప నాగేంద్రతో మొదటిసారి గొడవ పడింది ఎమ్మిగనూరు బస్సులో. ఆమె సంచి జారిపోతున్నా అతను జేబుల్లోంచి చేతులు తీయలేదు.

"చేతులు ఇంట్లో మర్సిపోయి వచ్చినావా అప్పా?" అందామె.

అతను నవ్వాడు. ఆ నవ్వు పెరిగి పెరిగి పెళ్లిమాటల దాకా వచ్చింది. ఆదివారం చర్చిలో ఉంగరాలు మార్చుకోవాలి. అందుకే ఈ రోజు ఆదోనిలో గోవిందన్న బంగారు కొట్లో కృప అతని చెయ్యి లాగి గాజుబల్ల మీద పెట్టింది.

"పెండ్లికొడుకు సిగ్గుపడతాండాడన్నా. నువ్వే కొలుసుకో."

కొలత ఉంగరం వేలి కొస దగ్గరే ఆగిపోయింది. పెద్దది పెడితే గోరు దాటింది గానీ, వేలి మొదట్లో వదులై గిరగిరా తిరిగింది. అతని వేళ్ల కొసలు ఉబ్బి, గోళ్లు బోర్లించిన చెంచాల్లా ఉన్నాయి.

"ఇదేంది?"

గోవిందన్న ఇద్దరి ముఖాలూ చూసి, "టీ సెప్పొస్తా" అని లేచాడు. నగలు వదిలి అలా వెళ్లే మనిషి కాడు.

నాగేంద్ర తల ఎత్తలేదు. "మా నాయన మిల్లులో పత్తి దుమ్ముతో పోయినాడని మీ ఇంట్లో సెప్పినాం. అబద్ధం. ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు, దాంతోనే వేళ్ల కొసలు ఇట్ల ఉబ్బుతాయి. మా మేనత్తకూ అదే. నాకూ మొదలైందని స్కాన్‌లో తేలింది."

"ఎప్పుడు?"

"మీ ఇంటికి రాకముందే."

ఆమె నాయన లక్ష్మప్ప తనకు కొసరి కొసరి వడ్డించిన అన్నం గుర్తొచ్చి అతని ముఖం మండింది.

"పుట్టే పిల్లలకూ వస్తాదా?"

"రావచ్చు. రాకపోవచ్చు. డాక్టరే ఖాయంగా సెప్పలే."

కృప కొలత ఉంగరం అతని వేలి నుంచి తీసి బల్ల మీద పెట్టింది. "జబ్బుకు కాదు నా కోపం. దాసినందుకు."

"సిగ్గయింది కృపా."

"పెండ్లయినాక ఏం జేద్దామనుకున్యావు? గ్లౌజులేసుకోని పండుకుంటువా?"

అతనికి నవ్వూ ఏడుపూ కలిసొచ్చి దగ్గు ముంచుకొచ్చింది. ఆగేదాకా ఆమె వీపు నిమిరింది. తర్వాత ఫోను అతని ముందుకు జరిపింది. "మా నాయనకు నువ్వే సెప్పాల. ఆయన వద్దంటే నేనూ కాదనలేను."

అతను స్పీకరు పెట్టి చెప్పాడు, ఏదీ దాచకుండా. తిట్లకు సిద్ధపడ్డాడు.

"బస్సెక్కేటప్పుడు పరిగెత్తాకు నాయనా," అన్నాడు లక్ష్మప్ప. "అది పోతే ఇంకోటి వస్తాది. ఇద్దరూ నిదానంగా ఇంటికి రాండి."

టీ గ్లాసులతో వచ్చిన గోవిందన్న గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఉంగరాన్ని మెట్టె మాదిరి కింద అతకకుండా సేయన్నా," అంది కృప కళ్లు తుడుచుకుంటూ. "తెరిసి తొడిగి, నేనే నొక్కుతా."