నాలుగు మూలల పసుపు

మొదటి మనిషి మాంట్రియల్‌లో కాఫీ తాగుతూ చనిపోయాడు. రెండో మనిషి హాలిఫాక్స్‌లో, కూతురి పుట్టినరోజు కేకు తింటూ. ఇద్దరి రిపోర్టుల్లోనూ గుండెపోటు అనే రాశారు. ఇద్దరూ ఒకే దేశం నుంచి పారిపోయి వచ్చిన కెమిస్టులు కాకపోయి ఉంటే ఆ రిపోర్టులను ఎవరూ రెండోసారి తెరిచేవారు కాదు.

"మూడోవాడు మిగిలాడు," అన్నాడు దక్షిణామూర్తి.

బ్రాంప్టన్‌లో ఒక ఇండియన్ గ్రోసరీ వెనక పార్కింగ్ లాట్‌లో, అతని కొత్త కారులో కూర్చున్నారు ఇద్దరూ. స్టీరింగ్ మధ్యలో పసుపు, కుంకుమ ఇంకా చెరగలేదు. హైదరాబాదు నుంచి శాన్‌హోసే మీదుగా కెనడా రాజధాని ఆటవా చేరి, డేటా అనలిస్టుగా ఇంటెలిజెన్స్ సర్వీసులో ప్రవేశించి, ఇప్పుడు ఆపరేషన్స్ చీఫ్ అయ్యాడు దక్షిణామూర్తి. పక్క సీట్లో ఉన్న ధరణి అతని ఫీల్డ్ ఏజెంట్లలో సీనియర్. అనకాపల్లి అమ్మాయి. ఏ గుంపులో నిలబెట్టినా ఎవరూ గుర్తుపెట్టుకోని ముఖం. ఈ వృత్తిలో అంతకంటే పెద్ద అర్హత లేదు.

బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. ఆ మూడో కెమిస్టు తన దేశం రహస్యంగా తయారుచేస్తున్న విషవాయువుల గుట్టు బయటపెట్టినవాడు. వచ్చే నెల ఇక్కడికి గంట దూరంలోని కేంబ్రిడ్జ్ ఊళ్లో, పాత ఉన్ని మిల్లు హాల్లో, పౌరసత్వ ప్రమాణం చేయబోతున్నాడు. నాలుగు గోడల మధ్య చేయిద్దామంటే ఒప్పుకోలేదు. దొంగలా పారిపోయి వచ్చాను, పౌరుడిగానైనా పదిమంది ముందు నిలబడతాను అన్నాడట. అదే హాల్లో ఒక ఎగ్జిబిషన్ కూడా ఉంది. 1947లో కెనడా. అంతవరకు బ్రిటిష్ ప్రజలుగా మాత్రమే ఉన్న జనం మొదటిసారి కెనడా పౌరులైన ఏడాది.

దక్షిణామూర్తి కోడ్ పేర్లన్నీ ఆ ఏడాదిలోంచే తీశాడు. కెమిస్టు పేరు 'స్నాగ్'. ఆ ఫిబ్రవరిలో మైనస్ అరవై మూడు డిగ్రీలు నమోదైన యూకాన్ పల్లె అది. సర్వీసుకు సమాచారం అందిస్తున్న మనిషి పేరు 'లెడక్'. ఎన్నో ఎండు బావులు తవ్వాక ఆ ఏడాదే చమురు పడ్డ ఆల్బర్టా ఊరు.

ఆ లెడక్ ఎవరో ధరణికి తెలుసు. ప్రియ. బ్రాంప్టన్‌లో ఇమిగ్రేషన్ కన్సల్టెంట్. ఆమెను శత్రు ముఠా తమ మనిషి అనుకుంటుంది, సర్వీసు కూడా అలాగే అనుకుంటుంది. ముత్యాల కమ్మలు, దానిమ్మరంగు లిప్‌స్టిక్, ఎప్పుడూ తొందరపడని నడక. ఆమె ఇచ్చిన సమాచారం రెండు ముక్కలు. ఆయుధం పెన్ను. ప్రమాణపత్రం మీద సంతకం చేసే పెన్నుకు చర్మంలోంచి ఇంకే విషం పూస్తారు. హాల్లో ఆ పెన్ను పెట్టబోయే చెయ్యి రిషిత అనే స్టూడెంటుది.

"ఆ అమ్మాయి ఉండే బేస్‌మెంట్‌లో ఒక బెడ్ ఖాళీ ఉంది. నీ పేరు విశాలాక్షి. పక్క ఊరు వాన్‌లో వేర్‌హౌస్ ఉద్యోగం. ఆమె చేతుల మీదే నీ చూపు ఉండాలి," అన్నాడు దక్షిణామూర్తి. ప్రమాద సంకేతం కూడా చెప్పాడు. 'ఎనిమిది సెంట్లు.'

ధరణి మూడు వారాలు ఆ చేతులను చూసింది.

వేర్‌హౌస్‌లో అట్టపెట్టెలు మడిచి మడిచి వేలికొసలు పగిలిన చేతులు అవి. నిజామాబాదు దగ్గర పల్లె. కాలేజీ అయిపోయింది, వర్క్ పర్మిట్ వేసవిలో అయిపోతుంది. శాశ్వత నివాసానికి, అదే పీఆర్‌కి, అప్లై చేయాలంటే ఒక మంచి కంపెనీ జాబ్ లెటర్ కావాలి. అది ప్రియ మేడమ్ ఇప్పిస్తానంది. ఎగ్జిబిషన్‌లో వాలంటీరుగా చేరమన్నదీ ఆవిడే, ఫైల్‌లో బాగుంటుందట.

ధరణి ఆ అమ్మాయి ఫోన్ కాపీ చేసింది. తన చెవికమ్మలో దాచిన మైకుతో నిద్రలో మాటలు కూడా విన్నది. దొరికినవి వాళ్లమ్మతో కాల్స్, బస్సు టైమింగులు, నలుగురు అమ్మాయిల మధ్య పాల ప్యాకెట్ గురించి తగువులు. గూఢచారులు ఇలా బతకరు. గూఢచారులు గిన్నె కడగకుండా సింకులో వదిలేసిన రూమ్మేటు మీద అలిగి అన్నం మానరు. అమ్మాయి క్లీన్ అని ధరణి రెండుసార్లు రిపోర్టు పంపింది. రెండుసార్లూ ఒకటే జవాబు వచ్చింది. లెడక్ ఇంతవరకు తప్పు చెప్పలేదు.

ఒక ఆదివారం రిషిత ఆమెను ఎగ్జిబిషన్‌కు తీసుకెళ్లి, తానే కట్టించినంత గర్వంగా చూపించింది. పౌరసత్వ చట్టం, లెడక్ బావి, ఐస్ మీద ప్రపంచాన్ని గెలిచిన స్కేటర్ అమ్మాయి, బ్రిటిష్ కొలంబియాలో మన దేశం వాళ్లకు వచ్చిన ఓటుహక్కు. ఒక ఫోటో ముందు ఆగింది. ప్లకార్డులు పట్టుకున్న చిన్నపిల్లలు. అయిదు సెంట్ల చాక్లెట్ ఎనిమిది సెంట్లు చేశారని దేశమంతటా ఊరేగారు. ఒక పత్రిక ఆ పిల్లల వెనక మాస్కో ఉందని రాసింది. అంతటితో ఊరేగింపులు ఆగిపోయాయి.

"చాక్లెట్ అడిగితే గూఢచారులంటరా అక్కా? మస్తు మంది పెద్దోళ్లు పిచ్చోళ్లుంటరు," అని నవ్వింది రిషిత.

ప్రమాణం రోజున కొత్త పౌరులందరికీ ఆ పాత రేపర్‌లోనే చాక్లెట్లు పంచుతారు. పంచేది తనే అని చెప్పింది.

బుధవారం సాయంత్రం ప్రియ నుంచి అర్జెంటు కబురు. పెన్ను కిచెనర్ బస్ టెర్మినల్‌లో చేతులు మారుతుంది. ధరణితో సహా టీమంతా అక్కడికి వెళ్లింది. మంచులో కాళ్లు కొయ్యబారేదాకా నిలబడినా ఎవరూ రాలేదు. అదే సమయంలో రిషిత ప్రియ ఆఫీసులో ఉంది. ఆ సంగతి ధరణికి మరుసటి రోజు గానీ తెలియలేదు.

గురువారం, ప్రమాణం రోజు పొద్దున, ధరణి స్నానం చేసి వచ్చేసరికి రిషిత వంటింటి కబోర్డు తెరిచి నిలబడి ఉంది. ఆ బేస్‌మెంట్‌లో దేవుడి గది అదే. పోపు డబ్బాకూ కారం డబ్బాకూ మధ్య వెంకటేశ్వరస్వామి ఫోటో. రిషిత ఉంగరపు వేలిని తడి పసుపులో అద్ది చేతిలో ఉన్నదేదో నాలుగు మూలలకూ తాకిస్తోంది, పెళ్లి శుభలేఖకు పెట్టినట్టు. వీపు అడ్డంగా ఉంది.

"ఏంటది?"

"మంచి పనక్కా. సోమవారం చెప్త."

పీఆర్ అప్లికేషన్ కవరు అయి ఉంటుందనుకుంది ధరణి. రెండడుగులు వేస్తే కనిపించేది. ట్రైనింగ్ ఆ రెండడుగులూ వేయమంది. కానీ దేవుడి ముందు నిలబడ్డ మనిషి భుజం మీదుగా తొంగి చూడకూడదని చిన్నప్పుడు అమ్మ చెప్పింది. ధరణి స్టవ్ దగ్గరికి వెళ్లి టీ పెట్టింది.

మధ్యాహ్నానికి మిల్లు హాలు నిండిపోయింది. పెన్నులను నాలుగుసార్లు పరీక్షించారు. చాక్లెట్ అట్టపెట్టెలను కూడా వదలలేదు. ఆటవా నుంచి తెచ్చిన స్నిఫర్ మెషిన్‌తో వాసన చూసి, సర్వీసు వాళ్లే సీలు వేసి, పంచే నిమిషం దాకా కాపలా ఉన్నారు. ధరణి వాలంటీరు బ్యాడ్జితో పక్క వరసలో నిలబడింది. ఎదురుగోడ దగ్గర అతిథుల మధ్య ప్రియ నీలం సిల్కు చీరలో కూర్చుని ఉంది.

జడ్జి చదివించిన ప్రమాణం అందరూ చేశారు. స్నాగ్ గొంతు మిగతావాళ్లకంటే ఒక మాట వెనక, ఒక మెట్టు పైన వినిపించింది. లేచి బల్ల దగ్గరికి నడిచాడు. పెన్ను తీశాడు. ధరణి చెవిలో దక్షిణామూర్తి ఊపిరి ఆగిపోవడం వినిపించింది. సంతకం అయింది. ఏమీ కాలేదు. స్నాగ్ చిన్న జెండా పట్టుకుని నవ్వుతూ సీట్లోకి వెళ్లాడు.

"క్లియర్," అన్నాడు దక్షిణామూర్తి.

చప్పట్ల మధ్య రిషిత ట్రేతో వరసల్లోకి వెళ్లింది. ఒక్కొక్కరికీ చాక్లెట్ రెండు చేతులతో అందిస్తోంది. స్నాగ్ దగ్గర ఒక్క క్షణం ఆగి, ఒక పక్కగా తిరిగి, మళ్లీ ముందుకు నడిచింది. స్నాగ్ రేపర్ చించుతున్నాడు.

తెల్లని పాతకాలపు రేపర్. దాని మూలల్లో పసుపు మరకలు. నాలుగింటిలోనూ.

సీలు వేసిన అట్టపెట్టెలోని చాక్లెట్‌కు బ్రాంప్టన్ బేస్‌మెంట్ పసుపు అంటుకోదు. అది పెట్టెలోంచి వచ్చింది కాదు. ధరణి కళ్లు ఎదురుగోడ వైపు వెళ్లాయి. హాలంతా జడ్జిని చూస్తోంది. ప్రియ మాత్రం స్నాగ్ చేతిని చూస్తోంది, పొయ్యి మీద పాలను చూసినంత ఓపికగా.

"ఎనిమిది సెంట్లు," అంది ధరణి మైకులో. అనేలోపే కదిలింది. ఒక ముసలావిడ ఒడి మీదుగా దూకి, పెదవుల దాకా వెళ్లిన ముక్కను అరచేత్తో కొట్టింది. స్నాగ్ కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. చాక్లెట్ జారుకుంటూ పోయి ప్లకార్డుల పిల్లల ఫోటో కింద ఆగింది.

రిషిత ట్రే పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ఆయనకి షుగర్ అని మేడమ్ చెప్పిందక్కా. షుగర్ లేనిది ఇచ్చింది. ఇది కరెక్టుగ ఆయనకే ఇస్తే సోమవారం లెటర్ ఇస్తనన్నది."

ధరణి అడిగితే, నేల మీదినుంచి లేస్తున్న స్నాగ్ తనకు షుగర్ జబ్బు లేదని అన్నాడు.

ప్రియ పారిపోలేదు. తనను పట్టుకోవడానికి వచ్చినవాళ్లకు చీర కుచ్చిళ్లు సర్దుకునేదాకా ఆగమని చెప్పి, ధరణి వైపు తిరిగి, "మూర్తి గారితో మాట్లాడాలి. తొందరేం లేదు," అంది.

నిజంగానే ఆవిడకు తొందర లేదు. ముఠాలోని పేర్లు ఒక్కొక్కటే, మంచి ధరకు, చెప్పడం మొదలుపెట్టింది. ఆటవాలో అందరూ సంతోషించారు. ఫైల్‌లో ఆమె ఇంకా లెడక్‌గానే ఉంది. సొంత ఇన్‌ఫార్మర్ చేతిలో సర్వీసు మోసపోయిందని ఏ కాగితం మీదా రాదు. మరి ఆ చాక్లెట్ హాల్లోకి ఎవరు తెచ్చినట్టు? మొదటి రోజు నుంచీ ఫైల్‌లో ఒక పేరు ఉండనే ఉంది.

రిపోర్టు డ్రాఫ్టు చదివిన రోజు ధరణి పార్కింగ్ లాట్‌లో దక్షిణామూర్తి కారు డోర్ తెరిచి కూర్చుంది. ఆ డ్రాఫ్టులో, నిందితురాలు విషపు చాక్లెట్‌ను వేరుగా గుర్తించడానికి పసుపురంగు గుర్తులు పెట్టుకుంది, కనుక ఆమెకు విషయం తెలుసు అని రాసి ఉంది.

"విషమని తెలిసినవాళ్లు పసుపు పెడతారా మూర్తి గారూ? మంచి జరగాలని పెడతారు."

"నాకు తెలుసు."

"స్టీరింగ్ మీద మీరూ పెట్టారు."

దక్షిణామూర్తి స్టీరింగ్ వైపు చూశాడు. బొటనవేలితో ఆ బొట్టును మెల్లగా తుడిచేశాడు. "నా కారు ఫైల్‌లో లేదు," అన్నాడు. రిషిత మీద కేసు పెట్టకుండా దేశం నుంచి పంపించేస్తే చాలని ఒప్పించానని, అది కూడా ఎంతో కష్టమైందని చెప్పాడు. అతని గొంతులో నిజంగానే అలసట ఉంది.

ధరణి తన సొంత రిపోర్టు రాసింది. నాలుగు పేజీలు. 'సాంస్కృతిక నేపథ్యం' అనే అనుబంధంలో చేర్చారని తర్వాత తెలిసింది. అనుబంధాలు ఎవరూ చదవరు.

డిటెన్షన్ సెంటర్ గదిలో రిషిత చేతులు బల్ల మీద పెట్టుకుని కూర్చుంది. వేలికొసల పగుళ్లు మానిపోయాయి. అక్కడ అట్టపెట్టెలు మడిచే పని లేదు.

"నువ్వు విశాలాక్షివి కాదంట గదా. నీ అసలు పేరేంది?"

చెప్పకూడదన్నది ఆమె వృత్తిలో మొదటి నియమం. "ధరణి," అంది.

రిషిత ఆ పేరును ఒకసారి తనలో తాను అనుకుని చూసుకుంది. ఏడవలేదు. అందుకే ధరణికి అక్కడ కూర్చోవడం కష్టమైంది.

"పసుపు పెట్టకపోతే ఆయన పోతుండె. పెట్టినందుకు నేను పోతున్న. ఏ దేవునికి చెప్పాలక్కా ఇది?"

తర్వాత, ధరణిని కాక గోడను అడిగినట్టు, "ఆ రోజు పొద్దున నువ్వు నా భుజం మీదికెల్లి చూస్తే ఇదంత కాకపోతుండె," అంది. ఆ పొద్దుటి సంగతి ధరణి రాసిన నాలుగు పేజీల రిపోర్టులో లేదు.

మే నెలలో 1947 ఎగ్జిబిషన్ రెజీనా చేరింది. అక్కడ జరిగిన పౌరసత్వ ప్రమాణానికి సెక్యూరిటీ డ్యూటీ ధరణికి పడింది. కాపాడవలసిన మనిషి రెండో వరసలో ఉంది. కొత్త పేరు, పొట్టిగా కత్తిరించిన జుట్టు. ముత్యాల కమ్మలు మాత్రం అవే. ప్రమాణం స్పష్టంగా, ఒక్క మాట తడబడకుండా చేసింది. జడ్జి కరచాలనం చేసి, ఈ దేశానికి మీలాంటివారు కావాలి అన్నాడు. అందరితోనూ అనే మాటే.

ఎవరో ఒక స్టూడెంటు వాలంటీరు ట్రే పట్టుకుని చాక్లెట్లు పంచుతూ వచ్చి ధరణికి కూడా ఒకటి ఇచ్చింది. ధరణి దాన్ని వెలుతురులోకి తిప్పి నాలుగు మూలలూ చూసింది. ఎక్కడా పసుపు లేదు. పూర్తిగా సురక్షితం.