సుక్కమ్మకు బట్ట

శబరి ఒడ్డున మా వైపు ఏ ఊళ్లో అడిగినా చెబుతారు — సుక్కమ్మ మడుగులో నీళ్లలోకి చూడొద్దని.

మా ఊరికి దిగువన, ఏరు మెలిక తిరిగేచోట ఉంటుందది. అంతదాకా గలగలమంటూ వచ్చిన నీళ్లు అక్కడికి రాగానే నోరు మూసుకుంటాయి. పగలు పచ్చగా, సందెవేళ నల్లగా... అడుగు ఎంత లోతో ఎవరికీ తెలీదు.

సుక్కమ్మను కళ్లతో చూసినవాళ్లు ఇప్పుడెవరూ లేరు. పుట్టింటికి పోతుంటే దోనె బోల్తా పడిందట. మూడో రోజు తేలిందట. ఒంటి మీద నూలుపోగు లేదు — చీరంతా ఏరే లాగేసుకుంది. ఒడ్డున మగాళ్లు గుంపుగా నిలబడి చూశారే గానీ, ఒక్కడు కూడా భుజం మీది తువ్వాలు తీసి కప్పలేదట. ఆ సిగ్గుతో మళ్లీ మునిగిపోయింది. ఇక దొరకలేదు.

అప్పట్నుంచీ ఆచారం. మడుగు దాటేటప్పుడు ఆమెకు బట్ట ఇవ్వాలి. చీర ముక్కో, రవిక గుడ్డో. ముఖం పక్కకు తిప్పుకొని విసరాలి. ఇవ్వకపోతే పడవ కింద చెయ్యేసి పట్టుకుంటుంది...

నాకైతే ఈ కథ విన్నప్పుడల్లా భయం కన్నా గుండెలో నొప్పే ఎక్కువ.

గడకర్రలతో నడిచే దోనెలకు ఏనాడూ ఏమీ కాలేదు. మోటారు బోటు వచ్చాకే మొదలైంది.

పోయిన ఏడు వానలు తగ్గాక మా ఊరి ఆడవాళ్ల సమూహ్‌కు, అంటే పొదుపు సంఘానికి, ఆ బోటు ఇచ్చారు. తెల్లటిది, వెనక చిన్న ఇంజను, ఆరుగురు కూర్చోవచ్చు. శని ఆదివారాలు టౌన్ల నుంచి వచ్చేవాళ్లను ఏటి మీద తిప్పాలి. నడిపేది ఇర్మె. దోర్ల తెగ పిల్ల, ఇరవై నాలుగేళ్లు. పదకొండు రోజులు జగదల్‌పూర్‌లో ట్రైనింగ్ తీసుకుంది. వచ్చిన దగ్గర్నుంచి ఒకటే పట్టు — నీళ్లలో తేల్చే లైఫ్ జాకెట్ వేసుకోనివాణ్ని ఎక్కనివ్వదు. పొద్దు గుంకకముందే ఒడ్డు. ఇంజను ఎర్ర వైరు ఎప్పుడూ తన మణికట్టుకే. ఆ వైరు ఊడితే ఇంజను ఆగిపోతుంది. నడిపేవాళ్లు జారి నీళ్లలో పడినా బోటు వాళ్ల మీదికి రాదన్నమాట.

ఇంత జాగ్రత్తగా ఉన్నా మూడుసార్లు ఆగింది. మూడుసార్లూ ఆ మడుగులోనే! జనం కేకలు పెడుతుంటే ఇర్మె తెడ్లు వేసుకుంటూ ఒడ్డుకు తెచ్చేది. ఒడ్డున వెనక గేరు వేసి చూస్తే — ఏమీ కానట్టు బుర్రున తిరిగేది.

"ఆడపిల్ల నడుపుడు సుక్కమ్మకు నచ్చలే," అన్నారు మగాళ్లు.

సర్పంచ్ తేల్చేశాడు. "ఇంకొక్కసారి ఆగిందా, బోటు ఠేకేదార్‌కు గుత్తకు ఇచ్చేస్తం."

"ఆగినప్పుడు చూద్దాం తీ," అంది ఇర్మె.

ఆ ఆదివారం కిరండూల్ నుంచి రామ్మూర్తి గారు, ఆయన భార్య ప్రమీలారాణి వచ్చారు. ఆయన ఇనుపరాయి మోసే రైళ్లు నడిపి రిటైరైనాయన. ఇదంతా నాకు చెప్పింది ఆ రోజు బోటు ముందు బల్ల మీద కూర్చున్న మా గంగారత్నం పెద్దమ్మ. సమూహ్‌లో అందరికన్నా పెద్దది.

మడుగుకు దిగువన ఇసుక తిన్నె మీద దిగారు. రామ్మూర్తి గారు ఫొటోలు మొదలుపెట్టారు.

"సార్, పొద్దు వాలింది. ఎక్కండి," అంది ఇర్మె.

"ఒక్కటేనమ్మా. ఈవిడ ప్రతి ఫొటోలోనూ కళ్లు మూసేసుకుంటోంది."

"ముప్పై ఏళ్లుగా మూసుకునే ఉన్నాను. తెరిస్తే మీతో కాపురం చేసేదాన్నేంటి?" అంది ప్రమీలారాణి.

అలా ఆలస్యమైంది. మడుగు చేరేసరికి అవతలి ఒడ్డు చెట్లన్నీ కలిసిపోయి ఒకే నల్ల గోడ...

ఇర్మె వేగం తగ్గించింది. పెద్దమ్మ నడుముకు దోపుకున్న రవిక గుడ్డ తీసింది. పసుపు రాసి తెచ్చింది. ముఖం తిప్పుకొని — విసిరింది.

ఇంజను దగ్గింది. బోటు వెనక భాగం గజగజ వణికింది. ఒక్క మూలుగు...

ఆగిపోయింది.

బోటు మెల్లగా వెనక్కి జారసాగింది. దిగువన పెద్ద గుండ్లున్నాయి. వాటి మీద నీళ్లు విరిగే చప్పుడు అక్కడిదాకా వినిపిస్తోంది.

"పట్టుకుంది..." పెద్దమ్మ గొణిగింది. "ఇచ్చిన గదమ్మా... బట్ట ఇచ్చిన గద..."

బోటు అడుగున ఏదో మెత్తగా రాసుకుంది. ఆ చివర నుంచి ఈ చివరిదాకా — చేత్తో తడిమినట్టు.

రామ్మూర్తి గారు దేవుణ్ని తలుచుకోబోయారు. ఏ దేవుడూ టైముకు గుర్తురాలేదు.

"తెడ్డెయ్యి బిడ్డా, పోదాం..." అంది పెద్దమ్మ.

ఇర్మె వినలేదు. లంగరు వదిలింది. తాడు జారి... జారి... బిగిసింది. బోటు నిలబడింది.

"తెడ్డేస్తే ఒడ్డుకు పోత. మళ్లా ఏం తెల్వదు. బోటు గుంజుకుంటరు. ఇయ్యాల సూసే పోత."

"ఏంది సూసేది?"

"ఇంజను కింద నీళ్లల తిరిగే ఫ్యాన్."

"నీళ్లలకు సూడొద్దే!"

"ఫ్యాన్‌ను పైకి లేపుత. అప్పుడు సూస్త."

టార్చి రామ్మూర్తి గారి చేతికిచ్చింది. ఆయన టార్చి వెలిగిస్తూ అడిగారు. "వైరు పీకావా అమ్మా? ఆగిన ఇంజన్ని నమ్మి చెయ్యి పెట్టకూడదు."

ఇర్మె మణికట్టు ఎత్తి చూపించింది. ఊడిన ఎర్ర వైరు వేలాడుతోంది. ఇంజన్ని రెండు చేతులా పట్టుకొని వెనక నుంచి పైకి లేపింది. నీళ్లు కారుతూ ఫ్యాన్ బయటికొచ్చింది. టార్చి వెలుగు దాని మీద పడింది —

జుట్టు!

నల్లగా, పొడుగ్గా... ఫ్యాన్‌కు చుట్టుకొని వేలాడుతోంది.

టార్చి ఆయన చేతిలోంచి జారి బోట్లో పడింది. ప్రమీలారాణి వేసిన కేక అవతలి ఒడ్డుకు తగిలి తిరిగొచ్చింది.

ఇర్మె టార్చి తీసి పళ్లతో కరచి పట్టుకుంది. చెయ్యి చాపింది. ఆ ఒక్క క్షణం ఆమె కూడా కళ్లు మూసుకుందట. పట్టి గుంజింది.

పిడికిలి నిండా వచ్చింది. వేళ్ల మధ్య నలిపి చూసింది.

"నైలాను," అంది.

నాచు పట్టి నల్లబడిన చీర దారాలు. వాటి కింద ఎర్ర గుడ్డ. దాని కింద పూల చీర ముక్క, కుళ్లి మెత్తబడింది. ఇర్మె కత్తితో ఒక్కొక్కటే కోసి తీసింది. అన్నిటికన్నా లోపల, ఇనుముకు అతుక్కుపోయి — పచ్చటి రవిక గుడ్డ. పసుపు ఇంకా కరగలేదు.

"ఇది..." పెద్దమ్మ గుడ్డ మీదికి వంగింది. "ఇప్పుడు నేనిసిరిందే గదనే!"

"నువ్విసిరింది ముందు సుట్టుకుంది. దానెంబడి పాతవన్నీ సుట్టుకున్నయ్. గడకర్రకు బట్ట సుట్టుకోదు పెద్దమ్మా. ఫ్యాన్‌కు సుట్టుకుంటది. ఒడ్డున వెనక గేరేస్తే ఇప్పుకొని పోతది. అందుకే ఇన్నాళ్లు దొరకలే."

ఒడ్డుకు వచ్చేసరికి ఊరంతా సెల్ లైట్లతో నిలబడి ఉంది. ఇర్మె ఆ తడి గుడ్డల కుప్ప తెచ్చి వాళ్ల ముందు పడేసింది.

"ఇగో మీ దెయ్యం."

కొందరు నవ్వారు. పూజారి ఆయతు తాత నవ్వలేదు. కుప్ప మీదికి వంగి, చాలా మెల్లగా అన్నాడు. "ఆమె బట్టలు ఊడదీసుకొచ్చినవ్ పిల్లా... ఈ రాత్రి ఏం కప్పుకుంటది?"

నవ్వినవాళ్లు కుప్ప దగ్గర నుంచి వెనక్కి జరిగారు.

"ఆనాడు ఒడ్డున ఉన్నోళ్లు ఒక్క తువ్వాల ఇయ్యలే తాతా," అంది ఇర్మె. "ఇప్పుడేమో బండెడు బట్ట ఇసిరి ఊపిరాడకుండ సేసిన్రు."

"అదంతా వద్దు. బోటు ఆగిందా, లేదా?" సర్పంచ్ అడిగాడు.

"ఆగింది. అబద్ధం చెప్ప. రేపు పొద్దుగాల బట్ట లేకుండ పోత. తాత గూడ రావాలె. అప్పుడు గూడ పట్టుకుంటే, నేనే తెచ్చి ఠేకేదార్‌కు అప్పజెప్త."

తెల్లారి ఏటి మీద మంచు. బోట్లో ముగ్గురే — వెనక ఇర్మె, మధ్యలో ఆయతు తాత, కుడి పక్కన గంగారత్నం పెద్దమ్మ.

"నాకెందుకే జాకెట్? పుట్టినకాడి నుంచి ఈ ఏట్ల ఈత కొడ్తున్న."

"కొట్టు తాతా. ఏసుకొని కొట్టు."

మడుగు మధ్యకు వచ్చారు. నీళ్ల చప్పుడు పోయింది. మంచులో ఒడ్లు కనపడడం లేదు. అప్పుడే —

ఇంజను ఆగింది.

"సూసినవా..." తాత బోటు అంచు పట్టుకున్నాడు. "సూసినవా పిల్లా..."

ఇర్మె చెయ్యి ఎత్తింది. మణికట్టు నుంచి ఎర్ర వైరు వేలాడుతోంది.

"నేనే ఆపిన."

ఆపి, బోటు అంచు మీదికి వంగింది. ఊళ్లో ఎవరూ ఏనాడూ చెయ్యని పని చేసింది. ఆ నీళ్లలోకి కళ్లు పెట్టి చూసింది.

"సుక్కమ్మక్కా! ఇంక బట్ట ఇయ్యం. సిగ్గు నీది కాదు, సూసుకుంట నిలబడ్డోళ్లది. ఎన్నాళ్లుంటవ్ అండ్ల? రాదలిస్తే పైకి రా."

"అట్ల పిలవకే!" తాత ఆమె భుజం పట్టుకున్నాడు. "నిజంగ వస్తే?"

"రానీ. నా బోటెక్కినోళ్లకు ఒకటే కానూన్. జాకెట్ ఏసుకోవాలె."

వైరు తగిలించింది. తాడు లాగింది. ఒక్క గుంజుకే ఇంజను అందుకుంది. ఇక ఆగలేదు. ఈరోజుకీ ఆగలేదు. బోటు ఇర్మె చేతిలోనే ఉంది. మడుగులో ఇప్పుడు ఎవరూ బట్ట వెయ్యరు.

కానీ పెద్దమ్మ ఒక్క మాట ఒట్టేసి చెబుతుంది.

ఆ తెల్లారి బోటు కదలబోతుండగా — ఎడమ పక్కకు ఒరిగిందట. నీళ్లలోంచి ఎవరైనా చెయ్యి ఆనించి ఎక్కితే ఎలా ఒరుగుతుందో... అలా. ముగ్గురిలో ఎవరూ కదల్లేదు. ఖాళీగా ఉన్న ముందు బల్ల చెక్క తడిసి నల్లబడింది. తాత కళ్లు మూసుకున్నాడు. పెద్దమ్మ ముఖం తిప్పుకుంది.

ఇర్మె ముఖం తిప్పుకోలేదు. ఒక చెయ్యి ఇంజను మీదే ఉంచి, రెండో చేత్తో ఒక జాకెట్ తీసి ముందు బల్ల మీదికి విసిరింది.

"బకిల్ పెట్టుకో అక్కా," అంది.

ఇంజను మోతలో కూడా పెద్దమ్మకు స్పష్టంగా వినిపించిందట.

టక్.