ఊపిరి కోసేసిన పాట

వాన ముసురు పట్టిన మధ్యాహ్నం. వేణువు మాస్టారు కిటికీ పక్కన కూర్చుని, పని లేక మూలపడ్డ వెదురుకి నూనె రాస్తున్నారు. ఒకప్పుడు పాటలో వేణువు కావాలంటే ఫోన్ ఈ ఇంటికే వచ్చేది. ఇప్పుడు ఎలాంటి పాట కావాలో నాలుగు మాటలు టైప్ చేస్తే చాలు, కంప్యూటరే బాణీ కట్టి, వాయించి, పాడి చేతిలో పెడుతోంది. మాస్టారు గోళ్లు గిల్లుకుంటున్నారు.

అలాంటిది, ఫోన్ మోగింది. పాత స్టూడియో రికార్డిస్టు.

"ఒకసారి రండి మాస్టారూ. వాయించక్కర్లేదు. ఊపిరి పీల్చి వదిలితే చాలు."

సంగతి విని మాస్టారి భార్య పకపకా నవ్వింది. "ఇన్నాళ్లూ ఇంట్లో ఊరికే పీల్చి వదిలేశారు. దానికీ గిరాకీ వచ్చిందన్నమాట! వెళ్లిరండి."

స్టూడియోలో పాత మనుషులెవరూ లేరు. వయొలిన్ల వాళ్లు కూర్చునే హాల్లో కుర్చీలు ఒకదాని మీద ఒకటి ఎక్కించి ఉన్నాయి. తడిసిన తివాచీ వాసన. రికార్డిస్టు ఒక్కడే తెర ముందు కూర్చున్నాడు.

"పాట మెషినే చేసింది మాస్టారూ. వేణువు అద్భుతంగా వచ్చింది. కానీ విన్నవాళ్లు ఏదో బొమ్మ వాయిస్తున్నట్టుంది అంటున్నారు. వాయించేది మెషిన్, మధ్యలో ఊపిరి తీసుకోదుగా మరి! ఆ ఊపిరి మీరివ్వాలి."

అద్దానికి అవతల ఉన్న చిన్న గదిలోకి వెళ్లారు మాస్టారు. బరువైన తలుపు మూసుకోగానే వాన చప్పుడు తెగిపోయింది. గుడ్డి దీపం ఒకటే వెలుగుతోంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నారు. వేణువు మొదలైంది.

మొదటి వరసకే ఆయన ఒళ్లు జలదరించింది. స్వరం చివర ఆ జారుడు, వేలు పూర్తిగా ఎత్తకుండా తిప్పే ఆ విసురు... కిందటేడు ఊపిరితిత్తులు పాడై, గాలి అందక పోయిన అన్నయ్యది. మాస్టారికి వేణువు పట్టుకోవడం నేర్పిన అన్నయ్యది.

"అబ్బాయ్, ఇది మా అన్నయ్య చెయ్యి!"

"ఆయన పాత రికార్డింగులన్నీ మెషిన్‌కి ఇచ్చారు మాస్టారూ," హెడ్‌ఫోన్స్‌లో రికార్డిస్టు గొంతు. "శుభ్రంగా ఉండాలని ఊపిరి చప్పుళ్లన్నీ నేనే కోసి పారేశాను. సరే, మొదలుపెడదామా?"

మాస్టారికి మనసు చివుక్కుమంది. కానీ వచ్చిన పని చెయ్యక తప్పదు. వరస ఆగిన చోటల్లా పీల్చారు, వదిలారు.

"ఇంకొంచెం," అంది గొంతు.

గట్టిగా పీల్చారు.

"ఇంకొంచెం."

రొమ్ము బిగుసుకుంది. కళ్ల ముందు మిణుగురులు తిరిగాయి. గదిలో ఎక్కడినుంచో ఆసుపత్రి మందుల వాసన వచ్చింది. హెడ్‌ఫోన్స్‌లో ఊపిరి ఇప్పుడు ఆయనకంటే ముందే వినిపిస్తోంది. బరువుగా... ఈడ్చుకుంటూ... చివర సన్నటి ఈలతో.

మాస్టారు ఊపిరి బిగబట్టారు.

ఆ ఊపిరి ఆగలేదు.

"ఇంకొంచెం..."

"చాలు బాబూ, ఆపు!" అంటూ అద్దంలోంచి చూశారు. అవతల కుర్చీ ఖాళీగా ఉంది. రికార్డిస్టు దూరంగా నడవాలో, వీపు ఇటు పెట్టి ఫోన్ మాట్లాడుకుంటున్నాడు.

చెవి పక్కనే, చాలా దగ్గరగా...

"ఇంకొంచెం ఇవ్వరా... చిన్నోడా."

ఆ పేరుతో పిలిచేది ఒక్కరే.

మాస్టారి పై ప్రాణాలు పైనే పోయాయి. హెడ్‌ఫోన్స్ లాగి పారేశారు. అయినా వినిపిస్తూనే ఉంది. తలుపు తోశారు. రాలేదు. భుజంతో గుద్దారు. నోరు తెరిచి గాలి పీలిస్తే లోపలికి ఏమీ రావడం లేదు. నీళ్లలో మునిగినట్టు... చెవుల్లో హోరు...

తలుపు బయటినుంచి తెరుచుకుంది.

"అయ్యో, ఏమైంది మాస్టారూ?"

రికార్డిస్టు ఆయన్ని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు. "నాతో ఏదైనా చెప్పబోయారా? మీరు మొదలుపెట్టిన కాసేపటికే ఫోన్ వస్తే బయటికి వెళ్లాను," అన్నాడు. అతను రికార్డయింది వినిపించాడు.

వేణువు ఆగిన ప్రతిచోటా ఊపిరి ఉంది. బరువుగా, సన్నటి ఈలతో.

"అబ్బ! పాటకి ప్రాణం లేచొచ్చింది!" రికార్డిస్టు మొహం వెలిగిపోయింది.

"అవి నావి కావు," అన్నారు మాస్టారు గుసగుసగా. "నావి ఒక్కటీ లేవు అందులో. తీసెయ్ బాబూ. నీకు దణ్ణం పెడతాను, తీసెయ్."

రికార్డిస్టు ఇబ్బందిగా చూశాడు. "రికార్డవుతుండగానే మెషిన్‌లోకి వెళ్లిపోతుంది మాస్టారూ. మెషిన్ తీసేసుకుంది."

మాస్టారు కాళ్లీడ్చుకుంటూ వెళ్లి బస్సెక్కారు. వాన జోరందుకుంది. జనం లేరు. చలికి అన్ని అద్దాలూ మూసి ఉన్నాయి. నుదురు చల్లటి అద్దానికి ఆనించి, భయం తీరేలా ఒక పెద్ద నిట్టూర్పు విడిచారు.

అద్దం మసకబారలేదు.

దగ్గరగా జరిగి, నోరు తెరిచి, గట్టిగా ఊదారు.

అద్దం తేటగానే ఉంది. వీధి దీపాలు, పరిగెత్తే గొడుగులు, అన్నీ స్పష్టంగా కనిపిస్తున్నాయి.

ముందు సీటు ఖాళీ. ఆ సీటు పక్క అద్దం మీద మాత్రం, మనిషి మొహం ఉండాల్సినంత ఎత్తులో, చిన్న మసక మరక ఒకటి వచ్చింది. చెరిగింది.

మళ్లీ వచ్చింది.