వెండి బూట్ల పాట

వాన కుండపోతగా కురుస్తుంటే అతను తన రెయిన్‌కోటు విప్పి రికార్డు ప్లేయరుకు తొడిగాడు. తాను మాత్రం తల నుంచి కాలి దాకా తడిసి, రిపేరు షాపు గుమ్మంలో నీళ్ళు కార్చుకుంటూ నిలబడ్డాడు. లోపల బల్ల వెనక కూర్చున్న అమ్మాయి అతణ్ణీ, కోటు తొడుక్కున్న పెట్టెనీ మార్చి మార్చి చూసింది. ఇద్దరిలో రిపేరు ఎవరికని అడిగింది.

మొదటి చూపులోనే ప్రేమ పుట్టే కథలు బోలెడున్నాయి. ఇక్కడ ముందు పుట్టింది ఒళ్ళుమంట.

అతను కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాడు. అద్దం వెంట్రుకవాసి పక్కకు జరిగినా మళ్ళీ విప్పి బిగించే రకం. ఎదురుగా ఉన్న ఈ అమ్మాయేమో జుట్టు ముడిలో స్క్రూడ్రైవరు గుచ్చుకుని, దాన్నే బల్లంతా వెతుక్కుంటోంది. అలాంటి మనిషి చేతిలో అమ్మ ప్లేయరు పెట్టాలా అని అతనికి గుబులు పట్టుకుంది. తెగిపోయింది లోపలి బెల్టు ఒక్కటే, అది మారిస్తే చాలు, ఇంకేమీ ముట్టుకోవద్దని ముందే చెప్పాడు.

బెల్టు అయిదు నిమిషాల్లో పడింది. ఆ తర్వాత ఆమె సన్నటి గీతలున్న గుండ్రటి అట్ట ఒకటి తీసి ప్లేయరు పళ్ళెం మీద పెట్టి తిప్పింది. ట్యూబ్‌లైటు వెలుగులో ఆ గీతలు కదలకుండా నిలబడినట్టు కనిపిస్తే సెట్టు సరైన స్పీడులో తిరుగుతున్నట్టట. ఇవి నిలబడలేదు. ఒకదాన్నొకటి తరుముకుంటూ పరుగెత్తాయి.

"మీ సెట్టు స్పీడెక్కువ తిరుగుతోందండీ."

"పాతికేళ్ళుగా వింటున్నాను. నాకు తెలీదా?"

"అయితే పాతికేళ్ళుగా తప్పు వింటున్నారు."

అతను ఒంటికాలి మీద లేచాడు. సంచిలోంచి రికార్డు తీసి ఆమె ముందు పెట్టాడు. అట్ట మీద నలుగురు మనుషులు, మొహాల నిండా తళుకులు, జానెడు మడమలున్న వెండి బూట్లు. పాడేవాడి కంటి చుట్టూ పెద్ద నక్షత్రం. అమ్మ పెళ్ళికి ముందు కొనుక్కున్న గ్లామ్ రాక్ ఆల్బమ్ అది. ఫోన్లో ఎంత వెతికినా దొరకదు. ఆ బాణీలతోనే తాను పాకడం నేర్చుకున్నానని, నడక నేర్చుకున్నానని చెప్పాడు. ఆమె అట్టను రెండు చేతులతో అపురూపంగా పట్టుకుని చూసిన తీరుకి అతని కోపం పావు వంతు తగ్గింది.

మోటారు మీదున్న చక్రం ఈ సెట్టుది కాదని, ఇంకెక్కడిదో కాస్త పెద్దది తెచ్చి బిగించారని ఆమె అంది. రెండు రోజులు ఆగితే సరైనది చేసి పెడతానంది. వాన తగ్గే సూచనే లేదు. చేసేది లేక రికార్డునూ ప్లేయరునూ అక్కడే వదిలి, ముఖం మాడ్చుకుని వెళ్ళాడు.

ఆ ఆల్బమ్‌తో అతనికో పాత గాయం ఉంది. రెండో వైపు చివరి పాట ముగింపులో స్వరం పైకి, ఇంకా పైకి వెళ్ళి అక్కడే నిలబడుతుంది. చిన్నప్పుడు చీపురు గిటారు చేసుకుని మంచం మీద నిలబడి ఆ పాటే పాడేవాడు. కాలేజీ చివరి ఏడు వార్షికోత్సవంలో, మొహానికి వెండి రంగు పూసుకుని దాన్నే పాడటానికి స్టేజీ ఎక్కాడు. శ్రుతి రెండు మెట్లు కిందికి దించుకో, మగాడి గొంతు అంత పైకి వెళ్ళదు అని గిటారు వాయించే కుర్రాడు బతిమాలాడు. మా ఇంట్లో అసలు రికార్డే ఉంది, నాకు చెప్తావా అని అతణ్ణి నోరెత్తనివ్వలేదు.

చివరి స్వరం దగ్గర గొంతు చీలిపోయింది. ముందు వరస నవ్వింది. తర్వాత హాలంతా నవ్వింది. ఆ నవ్వుల మధ్యలో మైకు ఆగిపోయింది. మర్నాటి నుంచి అతని పేరు సైరన్.

ఆరేళ్ళయింది. బాత్‌రూములో కూడా కూనిరాగం తీయలేదు. నవ్వులనైనా మింగాడు గానీ, ఆ మైకు సంగతే అతనికి ఇప్పటికీ మింగుడుపడలేదు. అది ఆగకపోయి ఉంటే పాట ఎలాగోలా పూర్తి చేసేవాడినని, ఇంత సిగ్గు మిగిలేది కాదని అతని నమ్మకం. ఈ వారమే పాత విద్యార్థుల సమావేశానికి కార్డు వచ్చింది. కార్యక్రమాల పట్టికలో ఎవరో చిలిపి మనిషి 'సైరన్ గారి పాట' అని అచ్చు వేయించారు. కార్డును సొరుగు అడుగున తోసేశాడు.

రెండో రోజు సాయంత్రం ఆ స్క్రూడ్రైవరు అమ్మాయే అతని షాపుకి వచ్చింది. దూరం అక్షరాలు మసకగా ఉన్నాయంది. అతను ఆమెను యంత్రం ముందు కూర్చోబెట్టి, అద్దం మార్చినప్పుడల్లా "ఇది బాగుందా, ఇదా?" అని అడిగాడు. రెండూ ఒకేలా ఉన్నాయని ఒకసారి, ఇంకోసారి చూపించమని మరోసారి, మొత్తం పదకొండుసార్లు అడిగించుకుంది. మూడోసారికే అక్షరాలు స్పష్టంగా కనిపించాయని చాలా రోజుల తర్వాత ఒప్పుకుంది.

"కంటికి ఇన్నిసార్లు అడిగారు కదా," అంది లేస్తూ. "చెవికి ఒక్కసారి నన్ను అడగనివ్వండి."

అతను అద్దాలు పెట్టెలో సర్దేశాడు. ఆమె వెంట రిపేరు షాపుకి నడిచాడు.

ఈసారి అట్ట మీది గీతలు బొమ్మల్లా నిలబడ్డాయి. ఆమె రికార్డు పెట్టింది. మొదటి పాట వినగానే అతని మొహం ముడుచుకుపోయింది. నలుగురూ కడుపు నిండా తినేసి కూర్చుని పాడుతున్నట్టుందని, పాటను పాడుచేసి పెట్టారని గొణిగాడు. రెండో పాటకి అతను గొణగడం మానేశాడు. పాతికేళ్ళుగా వినని చప్పుడొకటి వినిపిస్తోంది. పాడేవాడు మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటున్నాడు. గొంతు కీచుగా లేదు. నిండుగా, కొంచెం పొగరుగా, ఎదిగిన మగవాడి గొంతులా ఉంది. తనకు తెలియకుండానే కాలు తాళం వేస్తోంది.

రికార్డు తిప్పి పెట్టాక చివరి పాట ముగింపు దగ్గర నోరు దానంతటదే తెరుచుకుంది. ఆరేళ్ళ కిందట గొంతు చీల్చిన స్వరం, పై అరలో డబ్బా అందుకున్నంత తేలిగ్గా అందింది. పాట ఆగింది. అతని గొంతు ఇంకా గదిలో ఉంది.

"ఆ చక్రం పాటని రెండు మెట్లు పైకెక్కించింది," అంది ఆమె మెల్లగా. "రికార్డులో పాడినాయన కూడా అంత పైన పాడలేదు. ఎవరూ పాడలేరు."

అతను స్టూలు మీద కూలబడ్డాడు. ఆరేళ్ళు తనకు లేని గొంతు కోసం సిగ్గుపడ్డాడు. ఉన్న గొంతును మూసి పెట్టుకున్నాడు. ఏడవాలో నవ్వాలో తెలియక నవ్వుతూనే వెండి రంగు నుంచి సైరన్ దాకా అంతా చెప్పేశాడు. మైకు దగ్గరికి వచ్చేసరికి ఆమె మొహం పాలిపోయింది.

"ఆ రోజు సౌండు బల్ల దగ్గర ఉన్నది నేనే," అంది. "మీకంటే ఒక ఏడాది వెనక చదివాను. రంగు పూసుకున్న మొహం కదా, గుర్తుపట్టలేదు. అందరూ నవ్వుతుంటే చూడలేకపోయాను. ఆపేశాను."

"మీరు ఆపింది నవ్వుల్ని కాదు. నన్ను."

ప్లేయరునూ రికార్డునూ ఎత్తుకుని, పాత చక్రాన్ని జేబులో వేసుకుని బయటికి నడిచాడు. బయట మళ్ళీ వాన. ఈసారి కూడా కోటు పెట్టెకే తొడిగాడు.

అమ్మ దర్జీ. ఇంట్లో ముందు గదంతా గుడ్డలే. పాత చక్రం ఆమె అరచేతిలో పెట్టి, కారణం ఇదేనని చెప్పాడు. ఆమె దాన్ని తిప్పి చూసి నాలుక కరుచుకుంది. అది ఆమె పాత కుట్టుమిషను మోటారుదే. వీడు పాకే రోజుల్లో, తుడవడానికి విప్పి పెట్టిన ప్లేయరు చక్రాన్ని ఎక్కడో పారేస్తే, సరిపోయింది కదా అని తానే దీన్ని బిగించింది.

పెళ్ళికి ముందు నుంచీ విన్న పాట కదా, తేడా తెలియలేదా అని అడిగాడు. అప్పటికి రికార్డు తిరుగుతోంది. అమ్మ దానివైపు తిరిగి కూర్చుంది.

"పాట పరుగెడుతున్నట్టే ఉండేది రా," అంది. "నేనే నెమ్మదించాను అనుకున్నాను. పెళ్ళయింది, నువ్వు పుట్టావు, వయసు పైబడుతోంది, ఇక పాటని అందుకోలేను అనుకున్నాను."

అని లేచి, మెడలో కొలతల టేపుతోనే ఆ వైపంతా డాన్సు చేసింది. అమ్మ డాన్సు చేయడం అతను ఎన్నడూ చూడలేదు. సంతోషంతో అతని కళ్ళు నిండిపోయాయి.

ఆయాసం తీరాక, సెట్టు బాగుచేసింది ఎవరని కూపీ లాగింది. ఆవిడ ఆవులించకుండానే పేగులు లెక్కపెట్టే మనిషి. మైకు సంగతి కూడా బయటపడింది.

"తప్పు చక్రం బిగించిన నన్ను ఒక్క మాట అనలేదు. జాలిపడి మైకు ఆపిన పిల్ల మీద ఆరేళ్ళ కోపమా నీకు?"

అమ్మ సొరుగు లాగి అడుగునున్న కార్డు తీసింది. అది అక్కడుందని ఆవిడకి మొదటి రోజే తెలుసు. తళతళలాడే గుడ్డ ఒకటి దులిపి అతని భుజం మీద వేసి కొలత చూసింది.

అదే హాలు, అదే స్టేజీ. హాలు చివర అదే సౌండు బల్ల. దాని వెనక అతను బిగించి పంపిన కొత్త కళ్ళజోడుతో, జుట్టులో స్క్రూడ్రైవరుతో ఆమె. కాలేజీ వాళ్ళు ఈ పనికి ఇప్పటికీ ఆమెనే పిలుస్తారట. అతణ్ణి చూసి తల దించుకుంది.

సైరన్ అని పిలవగానే ఈలలు మోగాయి. అతను వెండి కోటు సర్దుకుని, ఇప్పుడు కాస్త బొజ్జ వచ్చిన గిటారు కుర్రాడి దగ్గరికి వెళ్ళి, రెండు మెట్లు కిందికి అన్నాడు. ఈ ముక్క ఆరేళ్ళ కిందట వింటే ఏం పోయిందన్నట్టు చూసి ఆ కుర్రాడు తీగలు సవరించుకున్నాడు.

పాట మొదలైంది. నవ్వడానికి సిద్ధంగా తెరిచిన నోళ్ళు తెరిచినట్టే ఉండిపోయాయి. మధ్యలో ఎవరో చప్పట్లతో తాళం అందుకున్నారు. ముగింపు దగ్గరికి వస్తుంటే అతని చూపు సౌండు బల్ల మీద పడింది. ఆమె చెయ్యి మీట మీద ఉంది. ఆమె మీటను పైకి తోసింది, ఇంకా పైకి తోసింది. అతను కళ్ళు మూసుకుని స్వరం అందుకున్నాడు. అట్ట మీద గీతల్లాగే అది కదలకుండా నిలబడింది.

హాలంతా లేచింది. అందరికంటే ముందు లేచింది అమ్మ. కాళ్ళకి అటక మీంచి దింపిన వెండి బూట్లు.

అతను చప్పట్ల మధ్య స్టేజీ దిగి, నేరుగా హాలు చివరికి నడిచాడు. ఆమె కళ్ళజోడు తీసి తుడుస్తోంది, అద్దాలు శుభ్రంగానే ఉన్నా.

"కోప్పడ్డాను, తప్పు నాదే," అన్నాడు. "ఆ రోజు మీరు ఆపకపోతే ఇంకా నవ్వేవాళ్ళు. అది అమ్మకు ఒక్క నిమిషంలో తెలిసింది, నాకే ఆరేళ్ళు పట్టింది. మీరంటే నాకు చాలా ఇష్టం. పాట బాగుచేసినందుకు కాదు. రిపేరు ఎవరికి అని అడిగారే, అప్పటి నుంచీ."

హాలు ఉన్నట్టుండి నిశ్శబ్దమైపోయింది. తన మాటలే నాలుగు గోడల మీంచీ తిరిగి వినిపించాయి. చూసుకుంటే చేతిలో మైకు అలాగే ఉంది. చెవులు ఎర్రబడి, కొయ్యబారిపోయాడు.

ఆమె వేలు మైకు మీట దగ్గరికి వెళ్ళింది. మూడొందల మంది ఆ వేలినే చూస్తున్నారు. వేలు మీట మీద ఆగింది. తర్వాత వెనక్కి వచ్చింది. ఆమె బల్ల మీదుగా వంగి, అతని చేతిలోని మైకును తన వైపు తిప్పుకుంది.

"ఈసారి ఆపను," అంది. "మొత్తం చెప్పు."

మీరు అనే మాట ఆ ఒక్క వాక్యంతో పోయింది. అతను మొత్తం చెప్పాడు, హాలంతా విన్నది. ముందు వరస నుంచి వెండి బూట్లు టకటకలాడించుకుంటూ అమ్మ వచ్చి, మెడలోంచి టేపు తీసి, ఎవరినీ ఏమీ అడగకుండా ఆ అమ్మాయి భుజం కొలత తీసుకుంది.