ఫోను మోగకుండా
పొద్దున్నే పోసుకున్న కాఫీ బల్ల మీద చల్లారిపోతోంది. కూతురు మాత్రం కాలుగాలిన పిల్లిలా హాల్లో తిరుగుతోంది. ఫోను తీస్తుంది, పెడుతుంది, మళ్ళీ తీస్తుంది. పెద్దవాళ్ళు కింద పడితే కనిపెట్టి ఫోను మోగించే కెమెరా తయారుచేయడం యూనివర్సిటీ ల్యాబులో ఆమె పని. దాన్ని పరీక్షించడానికి కన్నతండ్రే దొరికాడు.

రిటైరైన బస్సు డ్రైవరు ఆయన. గోడ పట్టుకుని, కుర్చీ పట్టుకుని, ఒక్కో మోకాలే వంచుతూ నేల మీద పరిచిన పేపరు ముందు కూర్చున్నాడు.

"నాన్నా, ఈ కెమెరా పెట్టినప్పటికీ ఇప్పటికీ నువ్వు కూర్చోవడం ఎంత నెమ్మదించిందో చూశావా? ఇంక నిన్ను ఒంటరిగా వదల్లేను. వృద్ధాశ్రమంలో గది చూశాను. సాయంత్రం వెళ్ళి మాట్లాడొద్దాం."

"నాకేం రోగమమ్మా?"

"నీకు తెలీదు. కెమెరాకి తెలుసు."

"అవును మరి, నాతో కాపురం చేస్తున్నది అదేగా."

"వెటకారం వద్దు నాన్నా. ల్యాబులో ఉన్నంతసేపూ నా ప్రాణం ఇక్కడే కొట్టుకుంటోంది."

నాన్న పేపరు మడిచాడు. ఏదీ పట్టుకోకుండా లేచి, గది మధ్యకు వచ్చి, దబ్బున నేల మీద కూలబడ్డాడు. ఆమె చేతిలో ఫోను గోలపెట్టింది.

"నేను ఎప్పుడూ కూర్చునేది ఇలాగే. ఇది పెట్టిన కొత్తలో కూర్చున్నప్పుడల్లా పడ్డాననుకునేది. నువ్వు ల్యాబులో పని మధ్యలో వదిలేసి పరిగెత్తుకొచ్చేదానివి. ఓసారి రోడ్డు మీద పడి మోకాలు చీల్చుకున్నావు కూడా. అందుకే దీనికి నచ్చేట్టు కూర్చోవడం నేర్చుకున్నాను. మెల్లగా వంగితే నోరెత్తదు."

అనవసరంగా మోగడం తగ్గిందని, కెమెరా నేర్చుకుందని ఆమె ల్యాబులో అందరిచేతా చప్పట్లు కొట్టించుకుంది. నేర్చుకున్నది నాన్న.

"నాతో చెప్పొచ్చుగా?"

"నువ్వు స్థిమితంగా పని చేసుకుంటున్నావని సంబరపడ్డాను. నన్నే ఇల్లు దాటిస్తావనుకోలేదమ్మా."

ఆమెకు దుఃఖం ఆగలేదు. ఆయన పక్కనే చతికిలబడి భుజం మీద తల వాల్చింది. ఫోను మళ్ళీ మోగింది.

"తప్పైపోయింది నాన్నా. నువ్వెక్కడికీ వెళ్ళొద్దు."

"సరేలే. ముందు దాని నోరు మూయించు."

"మోగనీ. నువ్వు లేచి, నీ ఇష్టమొచ్చినట్టు కూర్చో. ఎన్నిసార్లయినా సరే. ఈసారి నేర్చుకోవలసింది అది."

నాన్న లేచి, మళ్ళీ దబ్బున కూర్చున్నాడు. మోగుతున్న ఫోనును పక్కన పెట్టేసి, ఆమె కళ్ళు తుడుచుకుంటూ ఆయన్నే చూసింది.