పంతొమ్మిదో అధ్యాయం

గద్వాలలోని ఆ పాత సినిమా హాలుకు మధ్యాహ్నం ఆటకు జనం రావడం ఎప్పుడో తగ్గిపోయింది. అయినా ఆ గురువారం శివశంకర్ సార్ రెండు టికెట్లు తీసుకుని, చంకలో నోటుపుస్తకంతో, పెళ్లికొడుకు తండ్రిలాగా గేటు దగ్గర నిలబడ్డాడు. లోపల ఆడుతున్నది ఆయన రాసిన నవలే మరి. ఆదివారం గ్రంథాలయంలో 'పత్తిచేని పిల్ల: నవల, సినిమా' అన్న విషయం మీద ఆయన మాట్లాడాలి. అందుకే నోటుపుస్తకంలో నిలువుగా గీత గీసి, ఎడమవైపు 'నవలలో', కుడివైపు 'సినిమాలో' అని రాసుకున్నాడు. బడిపంతులు ఎక్కడికి పోయినా బడిపంతులే.

రెండో టికెట్టు అన్న భీమయ్యది. మానవపాడు దగ్గర ఊళ్లో ఆయన విత్తన పత్తి పండిస్తాడు. తమ్ముడు రాసిన పుస్తకం పదేళ్లుగా ఇంట్లో ఉన్నా ఒక్క పేజీ తిప్పిన పాపాన పోలేదు. సినిమా అనగానే మాత్రం ఇస్త్రీ బట్టలు తొడుక్కుని బస్సెక్కాడు. ఆయన ఎడమ చెంప మీద కంటి కింది నుంచి దవడ దాకా ఒక పాత గాటు ఉంది. ముళ్లకంచె గీసుకుందని అందరికీ చెబుతాడు.

లోపల మొత్తం ఆరుగురే. ముందు వరసలో నలుగురు కాలేజీ పిల్లలు, వెనక వీళ్లిద్దరు. మొదటి సగం హాయిగానే గడిచింది. నవలలో కూలిపిల్ల అఖిల నల్లగా, బక్కగా ఉంటుంది. సినిమాలో హీరోయిన్ బుగ్గలు నిగనిగలాడుతున్నాయి. నవలలో లేని డ్యాన్సు సినిమాలో రెండుసార్లు వచ్చింది. శివశంకర్ చీకట్లోనే గీకుతూ, లోలోపల నవ్వుకున్నాడు. ఒక్క విషయంలో మాత్రం డైరెక్టర్ హరీష్‌ను మెచ్చుకున్నాడు. విత్తన పత్తిలో మొగ్గలు గిల్లే పని అచ్చంగా తీశాడు. ఆడకూలీలు బొటనవేలి గోరు పెంచుకుని, ఆ గోటితో మొగ్గ అడుగున చుట్టూ గీసి, మెలిపెట్టి, పైభాగాన్ని ఒక్క గుంజుడుతో పీకుతారు. మొగ్గ తెగిన చోట టిక్ మని చిన్న చప్పుడవుతుంది. ఆ చప్పుడు కూడా వినిపించింది.

ఇంటర్వెల్ తర్వాత కథ చావుకు వచ్చింది.

నవల చివరి అధ్యాయం పద్దెనిమిదో అధ్యాయం. అందులో అఖిల ప్రేమ విఫలమై వెన్నెల రాత్రి బావిలో దూకుతుంది. చదివిన వాళ్లంతా అక్కడే ఏడ్చారు. తెర మీద వెన్నెల లేదు. మిట్టమధ్యాహ్నం. పత్తిచేను నడుమ అఖిల ఒక్కతే ఉంది. ఇస్త్రీ బట్టల మనిషి ఒకడు వెనక నుంచి వచ్చి ఆమె నడుం పట్టుకున్నాడు. ఆమె తిరిగి, బొటనవేలి గోటితో వాడి ఎడమ చెంప చీల్చింది. ఠాణాకు పోతానంది. వాడు గట్టు మీది పార అందుకున్నాడు.

మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది నెత్తి మీద. పత్తి ఆకుల మీద ఎర్రగా చిమ్మింది. ఆమె పాకుతుంటే మూడోసారి కొట్టాడు.

శివశంకర్ పెన్సిల్ ఆగిపోయింది. ఇది నవలలో లేదు. చేనులో ఉంది. పన్నెండేళ్ల కిందట, ఇలాగే ఎండలో, ఇన్నే దెబ్బలు. పక్కన భీమయ్య ఊపిరి గురకలా వస్తోంది. హాల్లోకి ఎక్కడి నుంచో పురుగుమందు వాసన వచ్చింది. దాని వెనకే ఎండలో ఉడికిన పచ్చి ఆకు వాసన.

తెర మీదికి వాడి తమ్ముడు వచ్చాడు. అన్న కాళ్ల వైపు, తమ్ముడు తల వైపు పట్టుకుని బావి దాకా మోశారు. గట్టు మీద ఆమె కళ్లు తెరిచింది. తమ్ముడి చొక్కా పట్టుకుని, 'సారూ...' అంది. అన్న అటు తిరిగి చెంప నెత్తురు తుడుచుకుంటున్నాడు. తమ్ముడు ఆమె వేళ్లు ఒక్కొక్కటీ విడదీసి... తోసేశాడు.

ఆ సంగతి లోకంలో శివశంకర్‌కు తప్ప ఇంకెవరికీ తెలియదు. అన్నకు కూడా చెప్పలేదు.

భీమయ్య మెల్లగా అతని వైపు తిరిగాడు. "గప్పటికి పానముండెనారా?"

శివశంకర్ నోటుపుస్తకం మూశాడు.

"నేనే సంపిన అనుకుంట పన్నెండేండ్లు నిద్ర లేకుంట గడిపిన. నువ్వు కతలు రాసుకుంట కూసున్నవ్."

శివశంకర్ లేచి వరండాలోకి వచ్చి, హరీష్‌కు ఫోన్ చేశాడు. ఆ చావు సీను ఎవరు చెప్పారని అడిగాడు. హరీష్‌కు ప్రశ్నే అర్థం కాలేదు. నిరుడు షూటింగ్ అప్పుడు చేత్తో రాసిన పంతొమ్మిదో అధ్యాయం కవరులో వచ్చిందనీ, భయపడి నవలలో వదిలేసింది ఇదేనని సారే అందులో రాశారనీ, దీని గురించి ఫోన్లో మాట్లాడొద్దని కూడా ఆయనే రాశారనీ చెప్పాడు. చేతిరాత సారుదే, ఒప్పందం కాగితాలతో పోల్చి కూడా చూశాడట.

"అంతా తీయలే సార్. అన్న చావు వదిలేసిన. సెన్సార్‌ల పోదు గది. సచ్చిన పిల్లనే వచ్చి వాని మెడ సుట్టు గోటితోని గీసి, మొగ్గను పీకినట్టు తల పీకుతదని రాసిండ్రు గద."

"తమ్ముని గురించి ఏమున్నది?"

కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. "ఒక్క మాటనే ఉంది. తమ్ముని సంగతి వాడు నోరు తెరిచినంక రాస్త అని."

లోపల... టిక్.

తలుపు తోసుకుని పరిగెత్తాడు. తెర మీద పాట నడుస్తోంది. ముందు వరస పిల్లలు ఫోన్లు చూసుకుంటున్నారు. అన్న అదే సీటులో, అలాగే కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా ముందంతా నల్లగా తడిసింది. శివశంకర్ భుజం పట్టి కదిపాడు. తల వెనక్కి వాలింది... ఇంకా వాలింది... మెడ చుట్టూ గీసిన గీత నోరులా తెరుచుకుంది. వేడి నెత్తురు అతని ముంజేతుల మీదికి దూకింది. భీమయ్య కళ్లు ఇంకా కదులుతున్నాయి. తమ్ముణ్నే చూస్తున్నాయి. పెదవులు ఏదో అడగబోయాయి. మెడలో నుంచి గాలి మాత్రం వచ్చింది. ఒక్క గుంజుడు మిగిలి ఉన్నట్టుంది. శివశంకర్ కళ్ల ముందే, ఎవరి చేయీ కనబడకుండా, తల కొంచెం మెలి తిరిగి... ఊడి వచ్చింది.

అరిచింది తనేనని అతనికి చాలాసేపటికి గాని తెలియలేదు.

నాలుగింటికి పోలీసులు వచ్చారు. హాలు బయట ఎండ మండిపోతోంది, రోడ్డు మీద ఆటోలు మామూలుగా తిరుగుతున్నాయి. ఎస్సై కుర్చీ వేసి కూర్చోబెట్టి నీళ్లు తాగించాడు. పిల్లలు నలుగురూ ఒకే మాట చెప్పారట, లోపలికి ఎవరూ రాలేదని. ఎస్సై పాత కేసు కాగితం ఒకటి చూసుకుంటూ నెమ్మదిగా అడిగాడు.

"మీ ఊర్ల పన్నెండేండ్ల కింద అఖిల అని కూలిపిల్ల బావిల పడి సచ్చిపోయిందంట. ఇవ్వాల సినిమాల సూపించింది ఆమెనేనా? ఆ దినం ఏమైందో మీకేమన్నా తెలుసా సార్?"

ఇదే ఆ నోరు తెరిచే ఘడియ అని శివశంకర్‌కు తెలుసు. నిజం గొంతు దాకా వచ్చింది. చెప్పేస్తే బతుకుతానేమో అనిపించింది. కాని ఆదివారం సభ, బడి, పేరు, భార్య ముఖం, జైలు గోడ, అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందుకు వచ్చాయి. ఎలాగూ అన్న పోయాడు. సాక్ష్యం చెప్పేవాళ్లు ఎవరున్నారు?

"తెల్వదు సార్" అన్నాడు.

ఎస్సై తలూపి రాసుకున్నాడు. అప్పుడే ఫోన్ మోగింది. హరీష్ పంపిన సందేశం. 'సార్, నా టేబుల్ మీద ఇంకో కాగితం కనబడింది. గదిల నేను తప్ప ఎవ్వరు లేరు. మీ చేతిరాతనే. సిరా ఇంక ఆరలే.' కింద కాగితం ఫోటో ఉంది. శివశంకర్ వేళ్లతో దాన్ని పెద్దది చేసి చూశాడు. పైన ఇరవయ్యో అధ్యాయం అని ఉంది. మొదటి వాక్యం తన గుండ్రటి అక్షరాల్లోనే ఉంది.

"తెల్వదు సార్, అన్నాడు తమ్ముడు."

దాని కింద పేజీ నిండా రాసి ఉంది.