డనీన్ గుట్ట ఏ పారిష్‌ది?

కార్బెట్ పారిష్‌కీ సెయింట్ ఎడ్గర్ పారిష్‌కీ మధ్య సరిహద్దు నది ఒడ్డున మొదలై, ఉత్తరంగా పద్నాలుగు మైళ్లు అడవిలోనే సాగుతుంది. పారిష్ అంటే ఇక్కడ మండలం లాంటిది. పదేళ్లకోసారి ఆ గీత మీది చెట్లకి గొడ్డలితో గాట్లు పెట్టి ఎర్రరంగు పూయాలి. ఆ పని నాదీ, మా బావమరిది లోర్న్‌దీ. ఆ నవంబరులో డనీన్ గుట్ట దాకా వచ్చాం. నా భార్య థెల్డా అంతకుముందు మార్చిలో పోయింది. అప్పట్నుంచి చలి, ఆకలి, ఏడుపు, ఏదీ నాకు సరిగ్గా తెలియడం లేదు. తినమంటే తింటున్నాను. రమ్మంటే వస్తున్నాను.

మధ్యాహ్నం ఒక మొద్దు మీద కూర్చుని టీ తాగుతున్నాం.

"ఏం బావా, టీలో ఉప్పు కలిపినా తాగేసేలా ఉన్నావే!" అన్నాడు లోర్న్.

"కలిపావా?"

"కలిపాను. సగం తాగేశావు కూడా."

ఇక్కడ నవ్వాలని తెలుసు. అందుకని నవ్వాను.

డనీన్ గుట్ట మీద ఒకప్పుడు పదకొండు ఇళ్లుండేవి. అందరూ ఐర్లండ్ నుంచి వచ్చినవాళ్లే. ఇప్పుడు పునాదుల గుంటలూ, అడవిలో కలిసిపోయిన ఆపిల్ చెట్లూ తప్ప ఏమీ లేవు. 1879 చలికాలంలో అక్కడి పిల్లలకి కంఠసర్పి పట్టుకుంది. గొంతులో తెల్లటి పొర కట్టి ఊపిరాడక ఒక్కొక్కరే పోతుంటే, ఒక తల్లి మంచులో నడిచి కార్బెట్‌కి దిగింది. పేదల్నీ రోగుల్నీ చూసుకునే బాధ్యత అప్పట్లో పారిష్‌దే. తలుపు తీసిన పెద్దమనిషి "మీది ఏ పారిష్?" అని అడిగాడట. గుట్ట సెయింట్ ఎడ్గర్ కిందికొస్తుందని పంపేశాడు. ఆమె అక్కడికీ వెళ్లింది. వాళ్లు, కాదు, కార్బెట్ కిందికే వస్తుందన్నారు. సరిహద్దు అప్పటికింకా కాగితం మీదే ఉంది మరి. మంచు కరిగాక ఎవరో పైకి వెళ్లి చూస్తే, మాట్లాడే మనిషి ఒక్కరూ మిగల్లేదు. ఆ తర్వాతే ఈ గీత గీశారు.

మూడు దాటేసరికి పొగమంచు దిగింది. ముందు దూరపు చెట్లు పోయాయి, తర్వాత దగ్గరివి. అంతకుముందు దాకా అరుస్తున్న కాకి ఆగిపోయింది. ఎక్కడినుంచో కట్టెల పొగ వాసన వచ్చింది. దాని వెనకే విరిగిన పాల వాసన, రోగి గది వాసన. ఏడు మైళ్ల లోపు ఇల్లన్నది లేదు.

లోర్న్ చేతిలో కుంచె ఆగిపోయింది.

ఆపిల్ చెట్ల అవతల ఎవరో ఊపిరి పీలుస్తున్నారు. గుర్... గుర్... ఆగుతోంది. మళ్లీ గుర్... చిన్న గొంతు. పక్కన ఇంకొకటి. ఆ వెనక ఇంకా చాలా...

"అయ్యా..." ఆడగొంతు. "ఇది ఏ పారిష్ అయ్యా?"

లోర్న్ నా చెయ్యి పట్టుకున్నాడు.

"పలక్కు బావా," అన్నాడు, పెదవులు మాత్రమే కదిలేలా. "మా నాన్న ముప్పై ఏళ్లు ఈ గీత మీద తిరిగాడు. అడుగుతుంది, పలక్కండిరా అనేవాడు. పలక్కపోతే పోతుందట."

"అయ్యా... ఏ పారిష్?"

మార్చిలో థెల్డా వంటింట్లో కూలిపోయినప్పుడు అంబులెన్సు కోసం ఫోన్ చేస్తే, ఎత్తిన అమ్మాయి నన్నూ అదే అడిగింది. మా ఇల్లున్నది బ్యాక్ రోడ్డు మీద; ఆ పేరుతో రెండు పారిష్‌లలోనూ ఒక్కో రోడ్డుంది. కార్బెట్ అని చెప్పాను. అయినా బండి రెండో బ్యాక్ రోడ్డుకే వెళ్లింది. అది తిరిగొచ్చేదాకా థెల్డా తల నా ఒళ్లోనే పెట్టుకు కూర్చున్నాను. చివర్లో ఆమె ఊపిరి కూడా ఇలాగే...

"మాది," అన్నాను. "కార్బెట్ పారిష్. మా కిందికే వస్తారు. దిగి రండమ్మా."

లోర్న్ నా నోరు మూయబోయాడు. అప్పటికే అనేశాను.

గురక ఆగిపోయింది.

తర్వాత నేల మీద పేరుకున్న మంచు కరకరలాడింది. ముందు ఒక్క అడుగు. తర్వాత ఎన్నో. మనిషి కనపడలేదు. తెల్లటి మంచులో ముద్రలు మాత్రం పడుతూ వచ్చాయి. పెద్ద బూట్లవి, చిన్న బూట్లవి, ఉత్త కాళ్లవి... మా ఇద్దర్నీ దాటుకుంటూ కిందికి సాగిపోయాయి. ఒక జత మాత్రం నా ముందు ఆగింది. బుల్లి వేళ్లు, నా బూట్లకి ఎదురుగా. నా చేతి వేళ్ల మధ్యలోకి ఏవో దూరినట్టయింది. చల్లగా ఉన్నాయో లేదో చెప్పలేను.

తిరిగి వస్తున్నంతసేపూ లోర్న్ ట్రక్కు నడుపుతూ ఏడుస్తూనే ఉన్నాడు.

"ఏం చేశావు బావా... ఎందుకు రమ్మన్నావు?"

"చలేస్తోందని అంత ఏడుస్తుంటే ఏం చేయమంటావురా?"

అతను బ్రేకు వేశాడు. నా వైపు తిరిగాడు.

"చలని ఎవరూ అనలేదు బావా. ఎవరూ ఏడవలేదు. ఆవిడ పారిష్ పేరు అడిగింది. అంతే."

ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డాను. బూట్లు కూడా విప్పలేదు. మార్చి తర్వాత మొదటిసారి నిద్ర పట్టింది.

ఫోన్ మోగితే లేచాను. బాగా తెల్లవారిపోయింది. నేను కట్టె ఒక్కటీ వేయకపోయినా పొయ్యి మండుతోంది. బూట్లు గుమ్మం పక్కన జతగా పెట్టి ఉన్నాయి.

"బావా," అన్నాడు లోర్న్. గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. "నీ దగ్గర ఎవరున్నారు?"

"ఎవరూ లేరు."

"నిన్న సాయంత్రం రెండుసార్లు చేశాను. ఎవరో ఆడమనిషి తీసింది."

"ఏమంది?"

అతను గొంతు ఇంకా తగ్గించాడు.

"నీ పేరు పెట్టే చెప్పింది, హేజెన్ పడుకున్నాడు, లేపొద్దు అంది. గొంతు చూశాం, తెల్లగా పట్టేసింది అంది. కంగారు పడొద్దు, వంతులేసుకుని మేమంతా పక్కనే కూర్చున్నాం అంది."

ఫోన్ పెట్టేశాను. గుటక వేసి చూశాను. నొప్పి లేదు. మళ్లీ వేశాను. దిగిందో లేదో తెలియలేదు.

మెడ తడుముకున్నాను. ఉన్నిగుడ్డ ఏదో చుట్టి ఉంది. పసిపిల్లలకి కట్టినట్టు వెనక ముడి వేశారు. నా వేళ్లు తగిలేసరికి ఆ ముడి ఇంకొంచెం బిగిసింది.